నీళ్లడిగిన నిమిషాలు

ఆదివారం నాలుగు కొట్టేసరికి ఆమె ఇప్పుడు చేసే మొదటి పని, పెద్ద సీసా నిండా నీళ్లు పట్టి, రెండు గ్లాసులు బోర్లించి, హాల్లో టీవీ పక్క బల్ల మీద పెట్టడం. ఎవరికి దాహం వేసినా చెయ్యి చాపితే అందాలి. ఎవరూ ఆమెను వంటింట్లోకి పంపకూడదు.

మూడు నెలల కిందటి వరకు ఈ సీసా లేదు. నాలుగింటికి ఉతికిన బట్టల మూట తెచ్చి నేల మీద కుమ్మరించుకునేది. ఆయన పేము కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చునేవాడు. కోటల సీరియల్ మొదలయ్యేది. అందులో వాళ్లు మాట్లాడే భాష ఇద్దరికీ రాదు. కింద మన అక్షరాలు వచ్చేవి గానీ, ఆమె చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఒక్కో అక్షరం కూడబలుక్కునేలోపే ఆ వరుస మాయమై ఇంకో వరుస వచ్చేది. అందుకని ఆయన చదివేవాడు, ఆమె మడతలు పెడుతూ వినేది. రాజు మాటకి బొంగురు గొంతు, మంత్రికి ముక్కుతో గొంతు. ఆడవాళ్లందరికీ ఒకటే గొంతు.

"ఏమండీ, ఆ రాణి కూడా మీ అక్కలాగే మాట్లాడుతుందేం?"

"రాణులంతా అలాగే మాట్లాడతారోయ్."

ఆయన ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. ఇరవై ఆరేళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని పైకి చేర్చి, కిందికి దించి ఇంటికొచ్చేవాడు. కొత్త భాగం శనివారం మధ్యాహ్నం వస్తుంది. దాన్ని అక్కడి సిబ్బంది గదిలో చూసేవాడు. ఆదివారం అదే మళ్లీ వేసినప్పుడు ఇంట్లో ఆమెతో కూర్చుని, కొత్తగా చూస్తున్నట్టే నోరు తెరుచుకుని చూసేవాడు.

సీరియల్ మొదలైన ఏడాదిలోనే అందులో చిన్న రాకుమారిని చంపేశారు. తొమ్మిదేళ్ల పిల్ల. ఆమె రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. కంచం ముందు కూర్చుని, "ఆ పిల్ల ఎవరికేం అపకారం చేసిందండీ?" అనేది.

"అది నటించే పిల్లే. ఈపాటికి ఇంటికెళ్లి పాలు తాగుతుంటుంది. నువ్వు తిను."

"తెలుసు. తెలిసినా ముద్ద దిగట్లేదు."

ఆ తర్వాత, ఎందుకోగానీ, సీరియల్లో ఎవరూ చావలేదు. పడవ తాత మూలిక తేవడానికి దూరదీవికి వెళ్లాడు. కవలల్లో పెద్దవాడు సన్యాసుల్లో కలిశాడు. మూగ సేనానికి ఉన్నట్టుండి మాటొచ్చింది, ఇన్నాళ్లూ మూగగా ఉన్నందుకు సిగ్గుపడి ఊరు వదిలి వెళ్లిపోయాడు. ఇవన్నీ ఆయన చెప్పినవే. ఆమె చూడలేదు. సరిగ్గా ఆ సమయానికే ఆయనకు దాహం వేసేది. "కాస్త నీళ్లు తెచ్చిపెట్టవోయ్" అనేవాడు, ఒక్కోసారి టీ పెట్టమనేవాడు. ఆమె నీళ్లతో తిరిగొచ్చేసరికి తాత పడవెక్కి వెళ్లిపోయి ఉండేవాడు.

మూడు నెలల కిందట ఒక మంగళవారం పొద్దున ఆయన పనికి బయలుదేరుతూ, చొక్కా బొత్తాలు సగం పెట్టుకుని పేము కుర్చీలో కూలబడ్డాడు. ముఖమంతా చెమట. "ఏమైందండీ?" అంటే చెయ్యి ఊపి, "కాస్త నీళ్లు తెచ్చిపెట్టవోయ్" అన్నాడు. ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. గ్లాసు నింపి తెచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది.

సుఖంగా పోయాడన్నారు వచ్చినవాళ్లంతా. ఆమె తలాడించింది. నీళ్లడిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే, వెళ్లకుండా చెయ్యి పట్టుకుని కూర్చోవలసిందని వాళ్లు అంటారేమోనని భయం. వాళ్లు అనకపోయినా తనకు తను రోజూ అనుకుంటూనే ఉంది. నలభై అడుగులు, పోనూ రానూ. ఆ నలభై అడుగుల్లో మనిషి ఒంటరిగా పోయాడు.

ఎదురింటి టైలరమ్మ, పిన్ని ఒక్కతే గోడలు చూస్తూ కూర్చుంటోందని, ఆదివారాలు తన చేతికుట్టు సంచీ పట్టుకుని రావడం మొదలుపెట్టింది. కాజాలు కుడుతూనే అక్షరాలు గడగడా చదివేది. అన్ని పాత్రలకీ ఒకటే గొంతు, అదీ బేరమాడేవాళ్లతో పోట్లాడే గొంతు.

ఒక ఆదివారం ఆమె అడిగింది. "అమ్మాయ్, పడవ తాత దీవి నుంచి ఇంకా రాలేదేం? మూలిక దొరకలేదా?"

టైలరమ్మ సూది ఆపింది. "ఏ తాత? బాణాలు తగిలి చచ్చాడే, ఆయనా? పోయి రెండేళ్లయింది పిన్నీ! మా ఇంటిల్లిపాదీ ఏడ్చాం. మా ఆయనైతే పళ్లెం నేలకేసి కొట్టాడు, అదింకా సొట్టగానే ఉంది."

"కాదే, దీవికి వెళ్లాడు."

"ఎవరు చెప్పారు?"

ఆమె పేము కుర్చీ వైపు చూసింది. "కవలల్లో పెద్దవాడు?"

"తల నరికారు."

"మూగ సేనాని?"

టైలరమ్మకు నవ్వాగలేదు. "మీరిన్నాళ్లూ ఏ సీరియల్ చూశారు పిన్నీ?" అంది. ఆమె ముఖం చూశాక నవ్వు మింగేసి తల దించుకుని దారం కొరికింది.

ఆ వారమంతా ఆమెకు ఒక్కో చావూ అప్పుడే జరిగినట్టుంది. తాత కోసం ఏడవాలో, తనకింత అబద్ధం చెప్పిన మనిషి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మడతపెట్టిన బట్టల్నే విప్పి మళ్లీ మడతపెట్టింది.

శుక్రవారం సాయంత్రం ఆయనతో పనిచేసిన రెండో లిఫ్టాయన వచ్చాడు. ఆఫీసులో ఈయన అలమరా ఖాళీ చేశారని, సామాను ఒక అట్టపెట్టెలో తెచ్చాడు. దువ్వెన, చెప్పుల జత, కళ్లజోడు పెట్టె. అడుగున రబ్బరుబ్యాండు చుట్టిన చీటీలు, పాత డ్యూటీ కాగితాలు చింపి చేసినవి.

అప్పటికే వచ్చి ఉన్న టైలరమ్మ చదివిపెడదామని చెయ్యి చాపింది గానీ ఆమె ఇవ్వలేదు. తనే వేలు పెట్టి కూడబలుక్కుంది. "ముప్పై... రెండో... నిమిషం. తాత. నీళ్లు." ఇంకోటి. "నలభై ఒకటి. సేనాని. చాలాసేపు చస్తాడు. టీ."

రెండో లిఫ్టాయన ఇబ్బందిగా నవ్వాడు. "శనివారం టీవీ ముందు గడియారం పట్టుకుని కూర్చునేవాడు వదినా. మేం ఆటపట్టించేవాళ్లం. 'నువ్వు సీరియల్ చూస్తున్నావా, పరుగు పందెం చూస్తున్నావా?' అని. 'మా ఇంట్లో చావులు బంద్ రా' అనేవాడు."

"మరి దాహం?"

"దాహమా! రోజంతా టీ మీదే బతికేవాడు. నీళ్లు ముట్టగా నేను చూడలేదు."

నిజమే. ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. సీరియల్ అయ్యాక ఆ గ్లాసు ఎప్పుడూ నిండుగానే ఉండేది. తనే కుండీలో మొక్కకు పోసేది.

చీటీలన్నీ సర్ది, రబ్బరుబ్యాండు రెండు చుట్లు తిప్పి, ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు అంది. "మంగళవారం కూడా నీళ్లే అడిగారు."

రెండో లిఫ్టాయన అట్టపెట్టె రెక్కలు మూశాడు. టైలరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆయనకు నిజంగానే గొంతెండిందో, చావు వస్తోందని తెలిసి పంపేశాడో, ఆ మంగళవారానికి చీటీ లేదు.

ఆ ఆదివారం సీరియల్లో చివరి భాగం. గంటల రాణి మిగిలింది. జడకు చిన్న చిన్న గంటలు కట్టుకుని నడిచే రాణి, ఆమెకు అందరికంటే ఇష్టమైన మనిషి. శనివారమే తనింట్లో ఆ భాగం చూసేసిన టైలరమ్మ ముందే వచ్చి కూర్చుంది. ఎందుకో సూది చేత పట్టలేదు. అక్షరాలు చదువుతున్నా గొంతులో పోట్లాట లేదు. ఒకటికి రెండుసార్లు గోడ గడియారం వైపు చూసింది.

రాణి ఒంటరిగా కోట మెట్లెక్కుతోంది. గంటలు చప్పుడు చేస్తున్నాయి. తలుపు వెనక ఎవరిదో నీడ.

"పిన్నీ, కాస్త నీళ్లు తెచ్చిపెడతారా?"

ఆమె బల్ల వైపు చూసింది. రెండు గ్లాసులే ఉన్నాయి. నాలుగింటికి తన చేత్తో నింపి పెట్టిన సీసా లేదు. టైలరమ్మ కుట్టు సంచీలోంచి దాని మూత బయటికి కనిపిస్తోంది.

టైలరమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "దాహంగా ఉంది పిన్నీ. వెళ్లిరండి."

ఆమె టైలరమ్మ చేతి మీద చెయ్యి వేసింది.

"తర్వాత తెస్తాలేవే" అని, లేవకుండా, రాణి వైపే చూస్తూ కూర్చుంది.