సున్నం అద్దని గుర్తు

మద్రాసు ఆస్పత్రిలో మా ఎక్స్‌రే నర్సమ్మ పోయిందని కబురు వచ్చిన పూట నేను ఆమె గౌనుకే గంజి పెడుతున్నాను. ఇక తొడిగే మనిషి లేదని తెలిసీ పిండి ఆరేశాను. చెయ్యి ఆగితే ఏమైపోతానోనని భయం.

చిత్తూరులో ఆమె పనిచేసిన ఆస్పత్రి బట్టలు ఉతికేది నేనే. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు వేసి, ఒళ్లు పొక్కకుండా పైన సున్నం అద్దుతాను. ఆ గుర్తుల కోసమని ఈ వయసులో నాకు అక్షరాలు దిద్దించింది నర్సమ్మే. "వంకరగా ఉంటే ఉండనీలే అవ్వా, నీ అక్షరం ఎన్ని ఉతుకులకూ పోదు" అని నవ్వేది.

ఎక్స్‌రే తీసేటప్పుడు కదిలే పసిబిడ్డల్ని ఆమె ఉత్త చేతులతో పట్టుకునేది. కిరణాలు సోకకుండా వేసుకునే సీసం చేతొడుగులు ఒక్క జతే ఉండేవి. యుద్ధంలో మళ్లీ దొరకవని పెద్ద డాక్టరు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె చేతులు ఎర్రబడి, వాచి, పగిలాయి. అది ముసలిదాని జీడి వల్లేనని ఆయన అందరి ముందూ అన్నాడు.

 ఏ బట్టకు సున్నం మరిచానోనని అన్నీ తిరగేసి చూసి, చివరికి ఆమెనే అడిగాను.

"నీది కాదవ్వా" అంది. నెత్తురులో తెల్లకణాలుంటాయట. ఒంటికి దెబ్బ తగిలిన చోటికి కావలివాళ్లలా పరుగెత్తుతాయట. ఎరుపూ వాపూ వాటి పనేనట. "నీ జీడికి వచ్చినవి పది దినాలు గోల చేసి ఎళ్లిపోతాయి. ఈ కిరణానికి తోలు లోపల్లోపలే చెడతా ఉండాది. అందుకే వచ్చినవి పోకుండా ఆడనే కొట్లాడతా ఉండాయి. మంచి తోలును గూడా వదలవు."

ఈ మాట డాక్టరుకు చెప్పలేదా అన్నాను. చెప్పిందట. తాళంచెవి మాత్రం బయటికి రాలేదు. తర్వాత ఆమెకు ఒక వేలు తీసేశారు. తర్వాత మద్రాసుకు పంపి చెయ్యే తీసేశారు; అయినా ఆ రోగం ఆగలేదు.

మొన్న సంతాప సభలో ఆయన కళ్లు తుడుచుకుంటూ, బట్టల గుర్తు ఒక మంచి నర్సును పొట్టన పెట్టుకుందన్నాడు. అందరూ నా వైపు చూశారు.  అందుకే ఆమె దిద్దించిన అక్షరాలతో, ఇది చదివే మీకు రాస్తున్నాను: చేతొడుగులు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. తుడవడానికైనా ఒక్కసారి నా చేతికి రాలేదు.

ఈ పొద్దు ఆయన కోటు ఉతుక్కు వచ్చింది. మెడపట్టీ లోపల జీడితో తాళంచెవి బొమ్మ వేశాను. నర్సమ్మ ఉంటే సున్నం అద్దు అవ్వా అనేది. అద్దలేదు. మరీ ఎక్కువ పొక్కుతుందేమో, నన్ను పనిలోంచి తీసేస్తారేమో అని భయం లేకపోలేదు. పొక్కనీ. ఆయన తెల్లకణాలూ పరుగెత్తుకొస్తాయి. పది దినాలకు వెళ్లిపోతాయి.

దండెం మీద కోటు ఆరుతోంది. పక్కనే కబురు వచ్చిన పూట నుంచీ తియ్యని ఆమె గౌను, గంజికి బిగుసుకున్న రెండు ఖాళీ చేతులతో.