కొబ్బరికాయ గుర్తుపట్టిన మాస్టారు

మా పక్కింటి మాస్టారు మొన్న మంగళవారం పోయారు. పొద్దున్నే వాళ్లమ్మాయి గోడవతల నుంచి "మావయ్యా, నాన్న లేవట్లేదు" అని కేకేసింది. నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది. ముందురోజు సాయంత్రం పేకాటలో నన్ను ఓడించిన మనిషి, తిరిగి గెలిచే వీలు నాకివ్వకుండానే వెళ్లిపోయారు.

నరసాపురంలో ఆయన దగ్గర ఫిజిక్సు చదవనివాళ్లు తక్కువ. ఆ తక్కువవాళ్లలో నేనొకణ్ణి. నా చదువు ఐదో తరగతి గుమ్మం దాటలేదు. అయినా నన్ను "బావగారూ" అనే పిలిచేవారు. ఆ వరసన ఆయన భార్య నాకు చెల్లెలు. లేసు అల్లుతూ, తలెత్తకుండానే నా వేళాకోళానికి దీటుగా జవాబిచ్చే మనిషి. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక మాట పోయింది. కళ్లు తెరిచే ఉండేవి గాని, మనల్ని చూస్తున్నాయో లేదో తెలిసేది కాదు.

మనం మాట్లాడేది ఆవిడకి తెలుస్తోందా, లేదా? మాస్టారికి అదే బెంగ పట్టుకుంది. రాజమండ్రి నుంచి సామాను తెప్పించుకుని, తనే ఒక పెట్టె తయారుచేసి కంప్యూటరుకి తగిలించారు. తలకి వైర్లు అంటిస్తే బుర్రలో కదలిక తెరమీద గీతలుగా కనిపిస్తుందట. ముందు నా తలమీదే చూశారు.

"జుట్టు లేదు, నూనె లేదు. బంగారంలాంటి తల బావగారూ మీది."

"లోపలేమైనా ఉందాండి?"

"ఏదో కొంచెం కదులుతోందండి."

తర్వాత చెల్లెమ్మకి పెట్టారు. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకోగానే గీతలు తెర పైకంటా లేచాయి. వదిలితే పడిపోయాయి. మళ్లీ పట్టుకుంటే మళ్లీ లేచాయి. "గుర్తుపడుతోందండీ!" అంటూ నన్ను కావలించుకున్నారు. అమ్మాయి వీధంతా పూతరేకులు పంచింది.

రెండ్రోజులకే ఆయన మొహం మారింది.

"ఇంత పెద్దవి రాకూడదండి. బుర్రలోంచి వచ్చేది బహు సన్నం. ఎక్కడో తేడా ఉంది."

"వదిలేద్దురూ! అందరం ఆనందంగా ఉన్నాం కదా."

"ఆనందం వేరు, కొలత వేరు బావగారూ."

ఒలిచిన కొబ్బరికాయ తెచ్చి, ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి, అవే వైర్లు దానికి అంటించారు. పైన చెయ్యి వేశారు. గీతలు అచ్చం అలాగే పైకి లేచాయి.

"కాయ కూడా మిమ్మల్ని గుర్తుపట్టిందండోయ్!" అన్నాను. ఆయనా నవ్వారు. నవ్వుతూనే స్టూలు మీద కూలబడిపోయారు.

ఇంట్లో తిరిగే కరెంటు రొద మనందరి ఒంటిమీదా కాస్త ఉంటుందట. దాన్ని తీసెయ్యడానికి చెవికి పెట్టే వైరు లోపల తెగి ఉండటంతో, ఆయన ముట్టుకున్నప్పుడల్లా ఆ రొదంతా ఆవిడదేనన్నట్టు మిషను రాసేసింది. వైరు మార్చారు. ఆవిడ నుదురు స్పిరిటుతో తుడిచారు. ఫ్యాను, ట్యూబులైటు ఆపించారు. గీతలు దిగిపోయాయి. ఈసారి దూరంగా కూచుని, పేరు పెట్టి పిలిచారు. ఏమీ మారలేదు. ఆవిడ కళ్లు మూసుకున్నప్పుడు మాత్రం సన్నటి అలలు వచ్చేవి, తెరిస్తే పోయేవి.

"ఇవి అందరికీ వచ్చేవే అండి. నన్ను గుర్తుపట్టిందని కాదు." తెర దగ్గరికి వంగి అన్నారు, "చిన్నవే. కాని ఇవి మీ చెల్లెలివే."

"మరి మన మాట వినిపిస్తోందో లేదో?"

"అది చెప్పడం ఈ మిషనుకి చేతకాదండి. దానికి చేతకాదని మనం కబుర్లు మానేస్తామా?"

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అదే పద్ధతి. వైర్లు పెట్టి కాసేపు దూరంగా కూచునేవారు. తర్వాత ఒక్కో వైరూ తీసి, జిగురు తడిగుడ్డతో తుడిచి, తెర ఆపేసి, అప్పుడు చెయ్యి పట్టుకునేవారు. రేవులో గోదారి దాటించే పంటు ఆలస్యం, చేపల ధర, పేకాటలో నా ఓటమి, అన్నీ చెప్పేవారు. చదువుకున్నవాళ్లని ఏడిపించడమే నా పని. ఆయన్ని మాత్రం ఆ వేళ ఏడిపించబుద్ధయ్యేది కాదు. పక్కన కూచోనిచ్చారు, అదే నాకు చాలు.

నిన్న సాయంత్రం వెళ్లాను. పెట్టె మీద గుడ్డ కప్పి ఉంది. స్టూలు మంచం పక్కనే ఉంది. చెల్లెమ్మ చెయ్యి మంచం అంచుకి వచ్చి, అరచెయ్యి పైకి తిరిగి ఉంది. అమ్మాయి అలా సర్దిందో, ఆవిడే తిప్పుకుందో. ఆయనైతే ముందు అది కనుక్కునేవారు. నేను అడగలేదు. స్టూలు మీద కూచుని, "పంటు ఇవాళ కూడా ఆలస్యమేనమ్మా" అన్నాను.

ఆ చెయ్యి అలాగే తెరిచి ఉంది.