అత్తను చంపనన్న కోడలు

మా కుట్టు హాల్లో ఆమెను అందరం లాయరమ్మ అంటాం. చదివింది ఏడో తరగతి, చేసేది చొక్కాలకు కాలర్లు కుట్టే పని. అయినా నోరు తెరిచిందంటే ఎదుటివాడు వాయిదా అడగాల్సిందే. పక్క మిషన్ నాది కాబట్టి ఆ వాదనలన్నీ ముందు నా చెవిలో పడేవి.

ఆ రోజుల్లో మా కంపెనీకి చావంటే మహా గౌరవం. ఇంట్లో మనిషి పోతే మూడు రోజులు జీతంతో సెలవు. మంచాన పడితే మాత్రం ఒక్క పూట కూడా లేదు. మానేస్తే జీతం కోత, ఇంకా మానేస్తే మిషన్ వేరేవాళ్ళకి. అందుకని అవసరం వచ్చినప్పుడల్లా మేమంతా ఇంట్లోవాళ్ళను చంపేసేవాళ్ళం. నేనైతే మా మామగారిని రెండుసార్లు సాగనంపాను. ఆయన నిక్షేపంగా ఉన్నాడు, నాకన్నా రెండు ముద్దలు ఎక్కువే తింటాడు.

ఇంతలో లాయరమ్మ వాళ్ళ అత్త బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా నెలన్నరపాటు పక్కన మనిషి ఉండాలన్నారు. మొగుడు లారీ డ్రైవరు, ఇల్లు అతనికి దారిలో తగిలే ఊళ్ళలో ఒకటి. చేసేదిలేక లాయరమ్మ వెళ్ళి మేనేజరును సెలవు అడిగింది.

“ఎవరైనా పోయారా?”

“లేదు సార్, బతికే ఉంది.”

“అయితే కుదరదమ్మా.”

భోజనాల దగ్గర మా అందరిదీ ఒకటే మాట. “పిచ్చిదానా, చంపెయ్యవే! మేం చంపడం లేదూ?”

“చంపితే వచ్చేది మూడు రోజులేగా. నాలుగో రోజు ఆవిణ్ణి లేపి నడిపించేది మీ తాతా?” అని కసిరింది. “అయినా బతికున్న మనిషిని ఎందుకు చంపాలే? నా ఇద్దరు పిల్లల్నీ ఆవిడే పెంచి పెద్దవాళ్ళను చేసింది. ఆవిడ అక్కడుంది కాబట్టే నేనిక్కడ కాలర్లు కుట్టాను.”



మర్నాడు పొద్దున్నే అత్తను ఆటోలో వేసుకొచ్చింది. కాపలా మనిషి తేరుకునేలోపు చక్రాల కుర్చీ తోసుకొచ్చి, నా మిషన్‌కీ తన మిషన్‌కీ మధ్య పెట్టింది. అత్త ఊరుకునే రకం కాదు. నా కుట్టు చూసి, “ఏంటమ్మా, పాము పాకినట్టుంది?” అంది. హాలు హాలంతా పగలబడి నవ్వింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

“ఎవరీవిడ?”

“మా అత్త సార్. పోయేదాకా ఇక్కడే కూర్చుంటుంది. పోగానే మీ రూలు ప్రకారం సెలవు పెడతాను.”

“ఎంతసేపు పడుతుందో చెప్పలేను బాబూ,” అంది అత్త. “మీకేమైనా తొందరుందా?”

మేనేజరు గిరుక్కున తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం లాయరమ్మ మిషన్ దగ్గరికొచ్చాడు. “రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు,” అన్నాడు. లాయరమ్మ వాదించకుండా అత్త కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆమెనూ అత్తనూ వెంటబెట్టుకుని మేమూ మావాళ్ళను తెచ్చాం. ఇస్త్రీ అతను పక్షవాతం వచ్చిన తండ్రిని, బొత్తాలు కుట్టే అమ్మాయి చంటిపిల్లను తెచ్చారు. నేను మా మామగారిని తెచ్చాను. ఆయనకు ఏ జబ్బూ లేదు, చూస్తానని సరదాపడ్డాడు. రెండుసార్లు పోయిన మనిషి వచ్చి నమస్కారం పెడితే మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ చంటిపిల్ల ఏడుపుకే యజమాని తన గదిలోంచి బయటికొచ్చాడు. వారం తిరిగేసరికి లాయరమ్మ పనీ నిలిచింది, రూలూ మారింది. ఇంట్లో జబ్బు చేసినా, పురుడొచ్చినా జీతంతో సెలవు, మగవాళ్ళకు కూడా. మగవాళ్ళకెందుకని యజమాని గొణిగితే, “వాళ్ళకు అమ్మలు లేరా సార్?” అంది లాయరమ్మ. ఆమె సెలవులోనే అత్త కర్ర పట్టుకుని నడిచింది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఇంటిల్లిపాదికీ వంకలు పెడుతూ హాయిగా బతికింది.

చివరికి నిజంగానే పోయింది. ఈసారి మేనేజరే వచ్చి, “మూడు రోజులు రాకమ్మా,” అన్నాడు. అయినా లాయరమ్మ మర్నాడే వచ్చి మిషన్ ముందు కూర్చుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“సెలవుందిగా, ఇంట్లో ఉండొచ్చు కదే,” అన్నాను.

“ఇంట్లో ఎవరున్నారే, నేను చూసుకోవడానికి?” అంది, కాలర్‌ను సూది కింద పెడుతూ.