నోరు తెరవని జెల్ల

బాపు జబ్బు సంగతి అమ్మకంటే ముందు నాకు తెలుసని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒక చేప వల్ల తెలిసింది.

బాపు చేర్యాల బస్సు మీద కండక్టర్. "మీ బాపు నోట్లె నువ్వుగింజ నానది" అని అమ్మ నవ్వేది. మా ఇంట్లో ఏం కూరో సిద్దిపేట దాటకముందే బస్సంతా తెలిసిపోయేది.

ఒక ఆదివారం మార్కెట్లో రవ్వ చేపలు అయిపోయాయని, ఐసుపెట్టెలో వచ్చిన సముద్రపు జెల్ల చేపను తెచ్చాడు. అమ్మ నల్లా దగ్గర దాన్ని కోయబోతే నోట్లోంచి గోలీలంత గుడ్లు జారిపడ్డాయి.

"గిదేందయ్యా, సొంత గుడ్లే మింగింది. ఎసొంటిది తెచ్చినవ్?"

"మీ అన్న లెక్కనే. ఎప్పుడు జూడు నోట్లె ఏదో ఒకటి" అన్నాడు బాపు.

నాకు అసలు సంగతి తెలుసు, లైబ్రరీలో చదివాను. అమ్మ లోపలికి పోయాక మెల్లగా చెప్పాను.

"అది మగది బాపు. ఆడది గుడ్లు పెడితే గిది నోట్లె పెట్టుకొని కాపాడుతది. పిల్లలై ఈదేదాక ఏం తినది."

"ఎన్ని రోజులు?"

"నెల పైననే."

మర్నాడు కాలేజీకి బాపు బస్సులోనే పోయాను. ఇంత వింత కబురును ఆయన ఒక్కరికీ చెప్పలేదు. నాకు మొదట భయమేసింది అప్పుడే.

ఆ రాత్రి "బయట తిన్న" అని కంచం జరిపాడు. తర్వాత రోజూ అదే మాట. డ్యూటీ నుంచి తెచ్చిన టిఫిన్ డబ్బా కడిగేది నేనే. మూత తీస్తే అమ్మ పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. అమ్మ చూడకముందే కుక్కకు వేసేదాన్ని. బాపు ఎందుకు దాస్తున్నాడో అడగలేదు. గోడ మీద నా డిగ్రీ పరీక్షల టైంటేబుల్ అతికించింది ఆయనే.

చివరి పరీక్ష రాసి వచ్చిన మర్నాడు దవాఖాన కాగితాలు అమ్మ ముందు పెట్టాడు. కడుపులో గడ్డ. అప్పటికే ముదిరింది.

బాపు పోయాక ఇప్పుడు ఆ డబ్బా నేనే ఆఫీసుకు తీసుకుపోతున్నాను. మధ్యాహ్నం మూత మీద చేయి ఆగిపోతుంది. లోపల అన్నం చల్లగా, ఎవరిదో మిగిలినట్టు ఉంటుందేమోననిపిస్తుంది. మార్కెట్ పక్కనుంచి పోతే ఐసు మీద నోళ్ళు మూసుకున్న జెల్లల వైపు చూడను.

దవాఖానలో ఆఖరి రోజు, అమ్మ మందులకు పోయినప్పుడు బాపు వేలితో పిలిచాడు. నోటి దగ్గర చెవి పెట్టాను.

"పిల్లలు ఈదుకుంట పొయినంక, గా చేపకు మల్ల ఆకలైతదా బిడ్డా?"