మంట పెట్టని సబ్బు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే కబురు తెలిసింది. గరాచర్మలో మా పక్కింటి బాబాయి పొద్దున్నే పోయారు. మాకు చుట్టరికం లేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే గోడకు ఇటూ అటూ ఉన్నాం, అంతే. అబర్డీన్ బజార్‌లో ఆయనకు సెలూన్ ఉండేది. మీలో కొందరు ఆయన కుర్చీలో కూర్చునే ఉంటారు.

సునామీ వచ్చిన వారంలోనే కార్ నికోబార్ నుంచి ఓడల మీద తెచ్చిన జనాన్ని నేను కెమిస్ట్రీ చెప్పే స్కూల్లో ఉంచారు. బాబాయి ఒక్కగానొక్క కొడుకు ఆ దీవిలోనే కాంట్రాక్టు పని మీద ఉన్నాడు. వచ్చినవాళ్ళ జాబితాలో అతని పేరు లేదు. మూడో రోజు బాబాయి కత్తి, బ్రష్షు, గిన్నె పట్టుకుని స్కూలుకు వచ్చారు. క్యాంపులోని మగవాళ్ళకు గడ్డాలు గీస్తానన్నారు.

అడవిలో తలదాచుకుని వచ్చిన మనుషులు. బుగ్గల నిండా గీతలు, ఉప్పునీటి పుళ్ళు. బజారు సబ్బు నురుగు తగలగానే ఒకాయన కుర్చీలోంచి లేచిపోయాడు. "వద్దు భయ్యా, మండుతోంది" అన్నాడు హిందీలో.

ఆ సాయంత్రం బాబాయి మా గుమ్మంలో నిలబడ్డారు.

"టీచరమ్మా, మంటెట్టని సబ్బు మనం చేసుకోలేమేటి?"

పదేళ్ళుగా నల్లబల్ల మీద సబ్బు సమీకరణం రాస్తున్నానే గానీ ఒక్క బిళ్ళ చేసిన పాపాన పోలేదు. ఆ మాట చెప్పలేక సరేనన్నాను.

మొదటిసారి కొబ్బరినూనె, కాస్టిక్ సోడా గ్లాసులతో కొలిచి వండాం. సబ్బు గట్టిగానే వచ్చింది. నురుగు మాత్రం పెద్ద పెద్ద బుడగలై, కత్తి రెండో బుగ్గకు చేరేలోపే ఆరిపోయింది. బాబాయి తన ముఖం మీదే పరీక్షించుకున్నారు. మర్నాటికి చెంప కమిలిపోయింది. సోడా ఎక్కువైంది. నేను భయపడి మానేద్దామన్నాను.

"తప్పు కొలవడం నీ గలతీ, తొందరపడి రుద్దుకోవడం నాది. మళ్ళీ చేద్దాం" అన్నారు.

రెండోసారి ల్యాబు త్రాసు తెచ్చాను. సోడా బాగా తగ్గించి, సబ్బును మెత్తగా ఉంచే కాస్టిక్ పొటాష్ కలిపాం. కొవ్వొత్తులు చేసే ఆయన దగ్గర స్టియరిక్ యాసిడ్ పలుకులు దొరికాయి. అవి నూనెలో కరిగిస్తే నురుగు మీగడలా చిక్కబడుతుందని ఒక పాత పుస్తకంలో చదివాను. సోడా మిగలకుండా నూనె కావాలనే కాస్త ఎక్కువ వేశాం. సన్న సెగ మీద తిప్పీ తిప్పీ ఇద్దరి చేతులూ పడిపోయాయి. చల్లారాక నాలుక కొసకు తాకించి చూశాను. చురుక్కుమనలేదు.

"ఇంకో రెండు వారాలు ఆరనివ్వాలి బాబాయ్."

"రెండు వారాలా? ఈలోగా క్యాంపు ఖాళీ చేసేస్తేనో?" ఆయన అప్పుడే సబ్బును గిన్నెలోకి తీసుకోబోయారు. సేవ చెయ్యాలన్న ఆత్రం కాబోలు అనుకున్నాను.

వారానికే పట్టుకెళ్ళిపోయారు. ఆ రోజు లేచిపోయిన మనిషే మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. నురుగు నిలిచింది. అతను హాయిగా కళ్ళు మూసుకున్నాడు. బాబాయి గీయడం ముగించి, అతని గడ్డం కింద బొటనవేలితో ఒకసారి నిమిరి, ముఖం వంక కాసేపు చూసి, "లే నాన్నా" అన్నారు. ఆ తర్వాత కూర్చున్న ప్రతి మనిషికీ అలాగే చేశారు. గరుకు మిగిలిందేమో చూస్తున్నారనుకున్నాను.

అసలు సంగతి చాలా ఏళ్ళకు పిన్ని చెప్పింది. చిన్నప్పుడు జెట్టీ మీద జారిపడితే కొడుక్కి గడ్డం కింద కుట్లు పడి మచ్చ మిగిలిందట.

"దెబ్బకి మతిపోయి పేరు కూడా చెప్పలేనోళ్ళు వచ్చారని ఎవరో అన్నారమ్మా. అందరికీ గడ్డాలు పెరిగిపోయాయి, గీస్తేగానీ తెల్దన్నాడు మీ బాబాయి. కన్న కొడుకుని గడ్డముంటే పోల్చుకోలేవా అన్నాను. అయినా కత్తి పట్టుకుని వెళ్ళిపోయాడు."

క్యాంపు ఖాళీ అయింది. కొడుకు రాలేదు. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడదామంటే బాబాయి "ఎవరి కోసం?" అని అడిగేవారు. ఏటా మా వరండాలో సబ్బు వండేవారు. సెలూన్‌లో కూర్చున్న ప్రతి మగవాడి గడ్డం కిందా ఆ వేలు ఆగేది. కొందరు అదేదో చాదస్తమని నవ్వుకునేవారు. సంగతి తెలిశాక సెలూన్ ముందు నుంచి వెళ్ళినా నేను అటు చూడలేకపోయేదాన్ని. అయినా పదేళ్ళు చెప్పిన పాఠాన్ని నా చేతులతో చేయించింది ఆయనే. కొలతలు రాసుకున్న కాగితం మీద ఆయన తడివేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఆదివారం నేను వెళ్ళేసరికి పిన్ని ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తనే ఆయన ముఖానికి సబ్బు పట్టిస్తోంది. చెంపల మీద నురుగు తెల్లగా, చిక్కగా నిలిచింది. నేను కత్తి అందించాను. అంతలో బయట గేటు చప్పుడైంది. పిన్ని చెయ్యి గాలిలోనే ఆగింది. పరామర్శకు వచ్చినతను చెప్పులు విడిచి, లోపలికొచ్చి, చాప మీద కూర్చున్నాడు. పిన్ని ఇంకా గేటు వైపే చూస్తోంది.