నాలుక మీద మాయమైన మాత్ర

నా చిన్నప్పుడు మా జలంత్రకోటలో సూది వెయ్యని వైద్యం అసలు వైద్యమే కాదు. మాత్రలిచ్చి పంపిన డాక్టరు దగ్గరికి రెండోసారి ఎవరూ వెళ్లేవారు కాదు. ఈ మాటను అందరికన్నా గట్టిగా నమ్మినవాడు మా నాన్న.

ఒకరోజు పొద్దున్నుంచీ మా నాయనమ్మకు ఒకటే వాంతులు. మాత్ర వేస్తే నీళ్లతో సహా బయటికొచ్చింది. సిరప్ పోస్తే అదీ అంతే. ఆమెకు అసలే కిడ్నీల జబ్బు. అలాంటి మనిషి ఒంట్లో నీళ్లు తగ్గితే ఏమవుతుందో, ఇంటింటా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో పిల్లలకు కూడా తెలుసు. సోంపేట తీసుకెళ్లి సూది వేయిద్దామని నాన్న ఆటో పిలిచాడు. అప్పటికే సూదులతో చేతులు కమిలిపోయిన నాయనమ్మ, మంచం కోడు పట్టుకుని వదల్లేదు.

అంతలో పక్కింటి అక్క వచ్చింది. కాశీబుగ్గలో నర్సు ఆమె. నాయనమ్మను చూసే డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, ఆయన చెప్పిన చిన్న మాత్రలు తెచ్చింది. నాన్న మండిపడ్డాడు.

“మాత్ర నిలవట్లేదని సెప్తంటే మళ్లీ మాత్రేటి?”

అక్క చెంచాలో రెండు చుక్కల నీళ్లు వేసి, అందులో ఒక మాత్ర పెట్టింది. నేను చూస్తుండగానే అది లేకుండా పోయింది.

“సూదిలో ఏసే మందే బాబాయ్. ఇది నాలిక మీదే కరిగిపోద్ది, నీళ్లక్కర్లేదు. అరగంట సూద్దాం. తగ్గకపోతే ఆటో నేనే ఎక్కిత్తాను,” అంది.

ఆ తర్వాత మాలో ఎవరికీ తోచని పని చేసింది. నాయనమ్మ పక్కన కూర్చుని, “సూదా, ఇదా? నువ్వే సెప్పు మామ్మా,” అని అడిగింది.

నాయనమ్మ నోరు తెరిచింది. మాత్ర పడగానే ఆమె చెయ్యి అలవాటుగా నీళ్ల చెంబు కోసం వెళ్లింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని అరగంటా వదల్లేదు. తర్వాత ఒక చెంచా నీళ్లు పట్టింది. అందరం నాయనమ్మ గొంతు వైపే చూస్తున్నాం. నిలిచాయి. ఇంకో చెంచా. అవీ నిలిచాయి. నాన్న బయటికెళ్లి ఆటోను పంపేసి, అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. పిల్లలకు మంచి చెప్పబోయినా, మందలించబోయినా, అది వాళ్లలో నిలుస్తుందా అని ముందు చూసుకుంటాను. తోచనప్పుడు పక్కన కూర్చుని, ‘నువ్వే సెప్పు’ అంటాను.