గీతలు మళ్ళించి రాసిన దారి

బుల్లీ, నువ్వు లేవన్న మాట నా చేత్తో రాయాల్సి వచ్చింది తల్లీ.

చదివేవారికి నమస్కారం. మా అమ్మాయి బుల్లి పోయిన నెలలో చనిపోయింది. జ్వరమే కదా అనుకున్నాం, ఐదు రోజులు కూడా నిలవలేదు. విజయనగరంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే మన్నించండి.

రోజూ పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కేది. సంచిలో సుద్దముక్క ఉండాల్సిందే. సెంటర్‌లో బోర్డు ఉన్నా నేల మీద గీసి చెబితేనే పిల్లలకు ఎక్కుతుందనేది. నా వంటగది గచ్చు మీదా గీసేది.

"ఒసే, ఇది వంటగదేటి, నీ బడేటి?" అంటే, "అమ్మా, నువ్వూ నేర్సీసుకో, ఫీజొద్దులే" అని నవ్వేది.

కొన్నేళ్ళ కిందట ఒకరోజు కళ్ళద్దాల కోసం విజయనగరం వెళ్ళి, అది ఇంటికి బయల్దేరేదాకా ఆ సెంటర్‌లో కూర్చున్నాను. పొందూరు నుంచి వచ్చే ఒక విద్యార్థిని ఏడుపు మొహంతో పరిగెత్తుకొచ్చింది. మధ్యాహ్నం కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి, లేకపోతే ఏడాది పోతుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోతే అలాంటి ఫైలే లేదంటోందట కంప్యూటర్.

"మొత్తం ఎలిపోనాది మేడం!"

"ఎక్కడికీ ఎల్నేదు. ఏటి కొట్టినావో సూపించు."

చూసి, నేల మీద రెండు గీతలు గీసింది. ఒకటి వెనక్కి వాలింది, ఒకటి ముందుకి. విండోస్‌లో ఫైలుకి దారి రాస్తే గీతలు వెనక్కి వాలి ఉంటాయట. ఆ పిల్ల దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి, కంప్యూటర్‌కి పని అక్షరాల్లో కొట్టి చెప్పే నల్ల తెరలో పెట్టింది. అక్కడున్నవి యూనిక్స్ తరహా పనిముట్లట. అవి ఆ గీతల్ని మింగేసి పేర్లన్నీ ఒకదానికొకటి అతికించేస్తాయట.

"మనింటికి రైల్లో వచ్చినోడికి ఒకలాగ దారి సెప్తాం, బస్సులో వచ్చినోడికి ఇంకోలాగ. ఇల్లు కదిలిపోద్దేటే?"

"మీరే కొట్టియ్యండి మేడం, టైమైపోతంది."

"నేను కొడితే నాకొస్తాది. నువ్వు కొట్టు."

ఆ పిల్ల గీతలు ముందుకి మళ్ళించి కొట్టింది. మళ్ళీ లేదంది. ఫోల్డర్ పేరు మధ్యలో ఖాళీ ఉందట, అక్కడ పేరు తెగి రెండైపోతుందట. "అటూ ఇటూ కొటేషన్లు ఎట్టు" అని మా అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది. నాకైతే ఆ కీబోర్డు లాక్కోవాలనిపించింది. ఈసారి ఎక్కింది. ఆ పిల్ల పెన్‌డ్రైవ్ పీక్కుని పరిగెత్తి ఆటో ఎక్కేసింది.

"థాంక్స్ కూడా సెప్పనేదే!" అన్నాను.

"టైముకి ఎల్తాదిలే అమ్మా, అంతే సాలు."

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు విశాఖలో ఉద్యోగమట. "ఆ రోజు మేడం కొట్టిచ్చేసుంటే, నేను ఇప్పటికీ ఎవుర్నో ఒకర్ని అడుగుతూనే ఉందునమ్మా" అంది. కొత్తగా చేరినవాళ్ళకి తనే చెబుతోందట. నా బిడ్డ నేర్పింది నడుస్తోంది. వచ్చి చెప్పిన ఆ పిల్లకి నా దణ్ణం.

పొద్దున్నుంచి ఏమీ తినలేదని మొహం చూస్తేనే తెలిసింది. కంచంలో అన్నం పెట్టాను. ఏడుస్తూనే రెండోసారి పప్పు అడిగి పెట్టించుకుంది. చూస్తుంటే నాకూ, ఇన్నాళ్ళకి, ఆకలేసింది. ఇద్దరం తిన్నాం.

మీరు కూడా వేళకి కడుపునిండా తినండి.